ఊపితే పలికే వెదురు

ఇంద్రావతి అవతల పండీరామ్ మండావి చేతి వేణువు.. సరిహద్దు బడులకు దాని కబురు

పిల్లనగ్రోవి అనగానే మనకు ముందు పెదవి గుర్తొస్తుంది, తర్వాత వేళ్లు. ఊదాలి, రంధ్రాలు మూయాలి, తెరవాలి. గడ్చిరోలి జిల్లాకు తూర్పున, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం నారాయణపూర్ అడవుల్లో పుట్టిన ఒక వేణువుకు ఈ రెండూ అక్కర్లేదు. చేత్తో పట్టుకుని గాలిలో ఊపితే చాలు, అదే పలుకుతుంది. దాని పేరు సులుర్. బయటివాళ్లు బస్తర్ బాన్సురీ అంటారు.

ఆ సులుర్ చేసే పెద్దాయన పేరు పండీరామ్ మండావి. ఊరు గఢ్‌బెంగాల్, జిల్లా నారాయణపూర్. గోండుల్లో మురియా తెగ మనిషి. 2025 గణతంత్ర దినోత్సవం ముందురోజు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పద్మశ్రీ జాబితాలో, కళల విభాగంలో ఆయన పేరు ఉంది. అదే జాబితాలో మన బుర్రకథ కళాకారుడు మిరియాల అప్పారావు పేరు ఉంది, మహారాష్ట్ర అడవుల గురించి జీవితమంతా రాసిన మారుతి చితంపల్లి పేరు ఉంది. ఒకరిది మాట, ఒకరిది కలం, ఒకరిది వెదురు.

సిరోంచ, అహేరి, భామ్రాగఢ్ వైపు బడుల కోసం నడిపే ఈ పేజీలో ఆయన గురించి రాయడానికి మాకు ఒక కారణం ఉంది. పురస్కారాల కబురు నాలుగు రోజుల్లో పాతబడుతుంది. ఆ వేణువు చుట్టూ ఉన్న ప్రశ్న మాత్రం మన పిల్లలు రోజూ బడికి మోసుకెళ్లేదే. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, అడవిలో ఒక భాష ఉన్నచోట పెద్దల చేతి విద్య పిల్లల చేతికి ఎలా అందుతుంది?

గీతలు మనవి, అడవి ఒకటే

సిరోంచ తాలూకాను మూడు నదులు చుట్టుకుని ఉన్నాయి. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి, తూర్పున ఇంద్రావతి. కాళేశ్వరం ఎదురుగా ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. ఇంకొంచెం దిగువన సోమనూరు దగ్గర ఇంద్రావతి వచ్చి కలుస్తుంది. ప్రాణహిత, గోదావరి దాటితే తెలంగాణ, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. ఒకప్పుడు చాందా జిల్లాలో, తర్వాత చంద్రపూర్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లాలోకి వచ్చింది.

నిజామాబాద్ నుంచి మంచిర్యాల, చెన్నూరు మీదుగా వచ్చే 63వ నంబరు జాతీయ రహదారి సిరోంచ దాటి భోపాలపట్నం, బీజాపూర్, జగ్దల్‌పూర్ వైపు సాగిపోతుంది. అటునుంచి కొండగావ్ మీదుగా నారాయణపూర్ చేరుకోవచ్చు. అది బస్సు దారి. అడవి దారి వేరు. మన జిల్లాలోనే భామ్రాగఢ్, ఏటపల్లి తాలూకాల అంచున నిలబడితే అవతల కనిపించేవి అబూజ్‌మాడ్ కొండలు. అవి ఎక్కువ భాగం నారాయణపూర్ జిల్లావే. అంటే పండీరామ్ జిల్లా, మన జిల్లా గట్టు పంచుకున్న పొరుగు చేలు.

ఇవతల మాడియా గోండులు, అవతల మురియా, అబూజ్‌మాడియా గోండులు. పండుగ పేర్లు మారతాయి, పాట ఎత్తుగడ మారుతుంది. వెదురు మాత్రం అదే వెదురు. సిరోంచ సంతలో మేదరి అల్లిన తట్ట, బుట్ట, చాట, గంప కొనే మనకు వెదురు కొత్త కాదు. మనం మేదరి అనే మనిషిని మరాఠీలో బురుడ్ అంటారు. కత్తి ఒకటే, పని ఒకటే. వెదురును చీల్చి అల్లితే బుట్ట అవుతుంది. చీల్చకుండా, లోపలి ఖాళీని వాడుకుంటే వేణువు అవుతుంది.

చీకట్లో తోడు

సులుర్ చూడటానికి సాదా వస్తువు. తేలికైన బోలు వెదురు గొట్టం. లోపలికి వెళ్లే గాలి పదునైన అంచుకు తగిలేలా నోరు చేస్తారు. పైన నున్నగా చేసి, కాల్చిన ఇనుముతో గీతలు, త్రికోణాలు, చుక్కలు వేస్తారు. వెదురు పసుపు మీద కాలిన గోధుమరంగు నగిషీ అది. పట్టుకుని గాలిలో తిప్పితే ఈల లాంటి శబ్దం వస్తుంది. నెమ్మదిగా తిప్పితే ఊపిరి తీసినట్టు మెత్తగా, వేగంగా తిప్పితే గట్టిగా వినిపిస్తుంది.

ఇది కచేరీ కోసం పుట్టింది కాదు. అడవిలో రాత్రిపూట నడిచేవాడికి తోడు కోసం పుట్టింది. ఒక చేతిలో కర్రో, గొడ్డలో ఉంటుంది. రెండో చేతిలో సులుర్ తిరుగుతూ ఉంటుంది. ఆ శబ్దానికి జంతువులు ముందే పక్కకు తొలగుతాయి. పశువులు మేపేవాడికీ అది పనికొస్తుంది. నోటితో ఊదనక్కర్లేదు కాబట్టి నడుస్తూ మాట్లాడుకోవచ్చు, పాడుకోవచ్చు. పండుగల్లో, నాట్యాల్లో అది అలంకారమూ అవుతుంది.

ఇందులో ఒక నీతి కూడా దాగుంది. పులికి, ఎలుగుకు ఎదురుపడి గెలవాలని చేసిన పరికరం కాదిది. నేను వస్తున్నాను, నువ్వు పక్కకు జరుగు అని ముందే చెప్పే పరికరం. అడవిని పంచుకునేవాళ్లు ఒకరికొకరు చేసుకునే పలకరింపు అది. తుపాకీ పేలితే అడవి బెదురుతుంది. సులుర్ తిరిగితే అడవి తప్పుకుని దారిస్తుంది.

విజ్ఞాన పాఠం చెప్పే మాస్టార్లకు ఇది మంచి ఉదాహరణ. ఖాళీ సీసా మూతి మీద అడ్డంగా ఊదితే బుయ్యిమని శబ్దం వస్తుంది కదా. ఊదిన గాలి అంచుకు తగిలి అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకు సీసాలోని గాలి కంపిస్తుంది. మామూలు మురళిలో జరిగేదీ అదే. అక్కడ గొట్టం కదలదు, మన ఊపిరి కదులుతుంది. సులుర్‌లో గాలి నిలకడగా ఉంటుంది, గొట్టం కదులుతుంది. అంచుకు, గాలికి మధ్య వేగం ఉంటే చాలు. ఎవరు కదిలారన్నది శబ్దానికి పట్టదు.

లెక్క కూడా కష్టం కాదు. రెండు వైపులా తెరిచిన గొట్టంలో పుట్టే మొదటి స్వరం గొట్టం పొడవును బట్టి ఉంటుంది. ధ్వని వేగం సెకనుకు దాదాపు 340 మీటర్లు. గొట్టం పొడవు 60 సెంటీమీటర్లైతే 340ని 1.2తో భాగించాలి. దాదాపు 283 హెర్ట్జ్ వస్తుంది. గొట్టాన్ని సగానికి కోసి 30 సెంటీమీటర్లు చేస్తే దాదాపు 567, అంటే రెట్టింపు. పొడుగు గొట్టం గొంతు బొంగురు, పొట్టి గొట్టం గొంతు సన్నం. ఈ లెక్క కాగితం మీద వేయని చేతులు కూడా శతాబ్దాలుగా దీన్ని ఎరిగే వెదురు కోశాయి.

పన్నెండేళ్ల నాటి పని

పండీరామ్‌కు పురస్కారం ప్రకటించే నాటికి ఆయన వయసు 68 ఏళ్లు. పన్నెండో ఏట ఈ పనిలో చెయ్యి పెట్టారు. నేర్పింది ఏ సంస్థా కాదు, ఇంటి పెద్దలే. అప్పటినుంచి ఐదు దశాబ్దాలకు పైగా వెదురు, చెక్క ఆయన చేతిలోనే ఉన్నాయి.

పన్నెండేళ్లంటే మన బడిలో ఏడో తరగతి. ఆ వయసు పిల్లవాడు వెదురు పనిలో నేర్చుకునేవి ఎన్నో లెక్కపెట్టి చూడండి. ఏ పొదలో గొట్టం సన్నగా, గోడ పల్చగా ఉంటుంది? కణుపుకూ కణుపుకూ మధ్య జానెడు ఉందా, మూరెడు ఉందా? లేత వెదురు ఎండితే ముడుచుకుని పగులుతుంది. మరీ ముదిరినది కత్తికి లొంగదు. కోసే కాలం తప్పితే పురుగు పడుతుంది. ఎండలో పెట్టాలా, నీడలో ఆరబెట్టాలా? ఇనుము ఎంత కాగితే గీత పడుతుంది, ఎంత దాటితే వెదురు మాడుతుంది? వీటిలో ఏదీ పుస్తకంలో ఉండదు. చూసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకోవాలి.

ఆయన పని వేణువుతో ఆగలేదు. చెక్క మీద చెక్కిన పలకలు, బొమ్మలు ఆయనకు మరింత పేరు తెచ్చాయి. మురియాల దేవతలు, నాట్యం చేసే జంటలు, డోలు మోసేవాళ్లు, వేట, పంట లాంటి బస్తర్ జీవితమంతా ఈ తరహా చెక్కడాల్లో కనిపిస్తుంది. ఎనిమిదికి పైగా దేశాల్లో ఆయన కళను ప్రదర్శించారు. విమానం ఎక్కి ఖండాలు దాటినా, తిరిగి గఢ్‌బెంగాల్‌కే వచ్చి అదే పని చేసుకున్నారు.

మాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచిన సంగతి వేరే ఉంది. ఒక కార్యశాల ద్వారా ఆయన వెయ్యి మందికి పైగా చేతిపనివారికి ఈ విద్య నేర్పారు. ఒక మనిషి జీవితకాలంలో ఎన్ని వేణువులు చేయగలడు? ఎన్ని చేసినా చెదలు పడతాయి, విరుగుతాయి, పొయ్యిలోకి పోతాయి. వెదురుకు ఆయుష్షు తక్కువ. నేర్చుకున్న చెయ్యికి ఆయుష్షు ఎక్కువ, అది మరో చేతిని తయారు చేస్తుంది కాబట్టి.

వాయిద్యాల చరిత్రలో ఒక అన్యాయం ఉంది. వాయించినవాడి పేరు మిగులుతుంది, చేసినవాడి పేరు మాసిపోతుంది. హిందుస్తానీ సంగీతంలో పొడవాటి వెదురు బాన్సురీని కచేరీ వేదిక ఎక్కించిన పన్నాలాల్ ఘోష్ (1911-1960) పేరు అందరికీ తెలుసు. ఆ కాలంలో ఊరూరా సంతల్లో మురళులు కోసి అమ్మిన వాళ్లలో ఎందరి పేర్లు మనకు తెలుసు? చేసే చెయ్యికి దేశం పేరు పెట్టి పిలిచి దండం పెట్టడం అరుదు. మన వైపు కూడా అలాంటి ఘడియ ఒకటి వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర చేసి, తానే వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడాది మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకూ ఇచ్చారు. సమ్మక్క సారలమ్మల కథను కోయ భాషలోనూ, తెలుగులోనూ నోటికి చెప్పగలిగిన మనిషి ఆయన. 2024లో కన్నుమూశారు. అలాంటి ఒక మనిషి పోతే ఒక గ్రంథాలయం మూతపడినట్టే. అందుకే నేర్పడం గురించి ఇంత గట్టిగా చెబుతున్నాం.

లింగో పద్దెనిమిది వాయిద్యాలు

మురియాలకు సంగీతం సరదా పని కాదు, పుట్టుక కథలోనే ఉంది. వాళ్ల ఆదిపురుషుడు లింగో. ఆయన ఒక్కడే ఒకేసారి పద్దెనిమిది వాయిద్యాలు వాయించాడని వాళ్ల కథ చెబుతుంది. నాట్యం, పాట, వాయిద్యం ఇవన్నీ లింగో పెట్టిన భిక్ష అని నమ్మకం. యువతీ యువకులు సాయంత్రాలు కలిసి ఉండి పని, పాట, నడవడిక నేర్చుకునే ఘోటుల్‌ను నెలకొల్పింది కూడా లింగోయే అంటారు. మన గడ్చిరోలి మాడియా, గోండు పల్లెల్లో గోటుల్ అనే మాట మీరు వినే ఉంటారు. ఊరి నడుమ కూర్చుని నలుగురూ మాట్లాడుకునే చోటు అది.

ఇంగ్లండులో పుట్టి మన దేశ పౌరుడైన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ మురియాల మీద, వాళ్ల ఘోటుల్ మీద రాసిన పెద్ద పుస్తకం 1947లో వెలువడింది. దువ్వెన మీద చెక్కడం, పొగాకు డబ్బీ మీద నగిషీ, వాయిద్యం మీద గీత ఇవన్నీ ఘోటుల్ జీవితంలో భాగాలని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. ఇష్టమైనవాళ్లకు ఇవ్వడానికి చేసేవి కొన్ని, తాను వాడుకోవడానికి చేసేవి కొన్ని. అమ్మడం చాలా తర్వాత వచ్చింది.

అంటే ఘోటుల్ ఒక బడి. అక్కడ పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పేవారు. హాజరు పట్టీ లేదు, పరీక్ష లేదు, కానీ పాఠం ఉంది. ఆ బడి నీడ తగ్గి, ప్రభుత్వ బడి నీడ పెరిగిన కాలం పండీరామ్‌ది. పాత బడి నేర్పినది కొత్త బడి నేర్పదు. రెండింటికీ మధ్య నిలబడి ఆయన నేర్పిన కార్యశాల ఒక వంతెన లాంటిది.

అదే ఊరి చెంద్రు

గఢ్‌బెంగాల్ పేరు ప్రపంచం వినడం ఇది మొదటిసారి కాదు. చెంద్రు మండావి అనే పిల్లవాడిది ఆ ఊరే. పులితో ఆడుకున్న బస్తర్ కుర్రాడిగా అతను పేరు పొందాడు. స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ బస్తర్ వచ్చి అతనితో సినిమా తీశారు. 1957లో విడుదలైంది. స్వీడిష్‌లో దాని పేరుకు అడవి కథ అని అర్థం. ఇంగ్లిష్‌లో పెట్టిన పేరుకు అర్థం చూడండి: వేణువు, బాణం. సంగీతం పండిట్ రవిశంకర్‌ది.

చెంద్రు స్వీడన్ వెళ్లాడు, కొంతకాలం ఉన్నాడు, తిరిగి అడవికి వచ్చాడు. తర్వాత లోకం అతన్ని మరచిపోయింది. ముసలితనం పేదరికంలో గడిచింది. 2013లో చనిపోయాడు. ఇప్పుడు నవ రాయ్‌పూర్ జంగిల్ సఫారీలో అతని విగ్రహం ఉంది. బతికుండగా పట్టించుకోని వాళ్లు పోయాక విగ్రహం పెట్టడం మన దేశంలో కొత్త కాదు.

ఒకే ఊరి ఇద్దరి కథలు ఇలా పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. చెంద్రుకు వచ్చిన పేరు బయటివాళ్లు తెచ్చారు, బయటివాళ్లతోనే పోయింది. ఇందులో చెంద్రు తప్పేమీ లేదు, అతను పిల్లవాడు. పండీరామ్‌కు వచ్చిన పేరు వెనుక యాభై ఏళ్ల పని ఉంది, ఆ పని నేర్చుకున్న వెయ్యి జతల చేతులు ఉన్నాయి. రేపు పతకం గోడకు వేలాడినా, వార్తలు ఆగినా, ఆ చేతులు ఆగవు. ఆగకూడదు. ఆగకుండా ఉండాలంటే రెండు కావాలి. ఒకటి వెదురు, రెండోది మాట.

వెదురు ఎవరిది?

1927 నాటి భారత అటవీ చట్టం వెదురును చెట్ల జాబితాలో చేర్చింది. శాస్త్రం ప్రకారం వెదురు గడ్డి జాతి. చట్టం ప్రకారం చెట్టు. ఆ ఒక్క మాటతో అడవి వెదురు అటవీ శాఖ సొత్తయింది. అడవిలో పుట్టి పెరిగినవాడు బొంగు కోస్తే నేరం, కాగితం మిల్లు లారీల కొద్దీ తీసుకెళ్తే ఒప్పందం. గడ్చిరోలి వెదురు దశాబ్దాల పాటు బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు వెళ్లింది. మన పిల్లలు రాసుకునే నోటుపుస్తకాల్లో మన అడవి ఎంతో కొంత ఉండే ఉంటుంది.

ఈ పరిస్థితి మార్చడంలో మన జిల్లాదే మొదటి అడుగు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా పేర్కొంది. ఆ చట్టం కింద ధానోరా తాలూకాలోని మెండా లేఖా గ్రామసభకు 1,800 హెక్టార్లకు పైగా అడవి మీద సామూహిక హక్కు దక్కింది. అయినా వెదురు అమ్ముకోవడానికి రవాణా అనుమతి పత్రాల దగ్గర పేచీ వచ్చింది. చివరకు 2011 ఏప్రిల్ 27న అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేష్ స్వయంగా ఊరికి వచ్చి ఆ పత్రాల పుస్తకం గ్రామసభ చేతికి ఇచ్చారు. తన అడవి వెదురును తానే కోసి తానే అమ్ముకునే హక్కు పొందిన తొలి గ్రామంగా మెండా లేఖా దేశానికి తెలిసింది. 2017లో కేంద్రం అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెంచిన వెదురును చెట్టు నిర్వచనం నుంచి తీసేసింది.

వేణువు కథలో చట్టం ఎందుకని కొందరు అడగొచ్చు. పన్నెండేళ్ల పిల్లవాడు వెదురు కోసి, చెడగొట్టి, మళ్లీ కోసి నేర్చుకోవాలంటే ముందు వెదురు పొద దగ్గరకు భయం లేకుండా వెళ్లగలగాలి. గొడ్డలి పట్టుకున్నందుకు ఎవరూ పట్టుకోకూడదు. పొదను గుండుగీసినట్టు నరకకుండా, ముదిరినవి తీసి లేతవి వదిలే పద్ధతి ఊరికి తెలియాలి. వెదురుకు ఇంకో గుణం ఉంది. ఏళ్ల తరబడి పెరిగి, ఒక్కసారి గుంపుగా పూసి, గింజ రాల్చి, ఎండిపోతుంది. ఆ గింజ మొలకెత్తి మళ్లీ పొద కావడానికి సమయం పడుతుంది. ఆ కాలమంతా కాపాడుకునేది ఊరే.

మాట పోతే పని పోతుంది

2011 జనాభా లెక్కల్లో గోండి మా మాతృభాష అని చెప్పినవారు దాదాపు 29 లక్షల 84 వేల మంది. ఇంతమంది మాట్లాడే భాషకు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చోటు లేదు. మహారాష్ట్రలో మరాఠీ బడి, ఛత్తీస్‌గఢ్‌లో హిందీ బడి, తెలంగాణలో తెలుగు బడి. ఒకే భాష మాట్లాడే పిల్లలు మూడు భాషల కింద చెదిరిపోయారు.

తెలుగువాళ్లమైన మనకు ఈ బాధ తెలుసు. సిరోంచలో ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, బడిలో మరాఠీ. ఒకటో తరగతి పిల్లవాడు పంతులు చెప్పిన మాట అర్థంకాక తల వంచుకోవడం మనం చూసిందే. నది దాటితే అద్దం తిరగబడుతుంది. 2005 తర్వాత దంతెవాడ, బీజాపూర్ వైపు సంఘర్షణ ముదిరినప్పుడు వేలాది మురియా కుటుంబాలు సరిహద్దు దాటి తెలుగు నేలకు వచ్చాయి. ములుగు, భద్రాద్రి కొత్తగూడెం అడవుల్లో వాళ్లను గుత్తికోయలు అంటున్నారు. పండీరామ్ తెగ పిల్లలే అక్కడ తెలుగు బడిలో కూర్చుని అర్థంకాక తల వంచుకుంటున్నారు. ఇక్కడ అల్పసంఖ్యాక భాష మనది. అక్కడ మన భాషే పెద్దన్న. మనకు ఇక్కడ ఏం కావాలని అడుగుతామో, అక్కడ వాళ్లకూ అదే దక్కాలని అడగడం న్యాయం.

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ఈ మాటే చెబుతుంది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలి. 1956లో ఏడో సవరణతో వచ్చిన అధికరణం అది. మన జిల్లాలోనే ధానోరా తాలూకా మోహ్‌గావ్ గ్రామసభ 2019లో గోండిలో బోధించే బడి తానే మొదలుపెట్టింది. గుర్తింపు కోసం ఆ ఊరు పోరాడాల్సి వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. అంటే సెల్‌ఫోన్లో కూడా రాసుకునే దారి పడింది.

గోండి మనకు పరాయి భాష కాదు. భాషాశాస్త్రవేత్తలు తెలుగును, గోండిని దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో ఒకే గూట్లో పెడతారు. గోండిలో ఏర్ అంటే నీళ్లు, మన ఏరు దానికి చుట్టం. వాళ్ల కై మన చెయ్యి. వెదురుకు వాళ్లు వాడే మాట కూడా మన మాటకు దగ్గరదే. ఇంకో సంగతి కూడా పిల్లలకు చెప్పండి. సంస్కృతంలో వేణువు అన్నా, వంశం అన్నా వెదురే. హిందీ బాన్సురీ ఆ వంశం నుంచే వచ్చింది. కణుపు మీద కణుపు వేస్తూ పెరిగే వెదురును చూసి తరం మీద తరం వచ్చే కుటుంబానికి ఆ పేరు పెట్టారు. పండీరామ్ వంశం అంటే ఆయన పిల్లలే కాదు, ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్లంతా.

పనితోపాటు మాట కూడా అందాలని మేము అనడానికి కారణం ఇదే. ముదురు వెదురుకు ఒక మాట, లేతదానికి ఒక మాట, పురుగు పట్టినదానికి ఒక మాట ఉంటాయి. ఒక్కో నగిషీ గీతకు ఒక్కో పేరు ఉంటుంది. ఆ మాట పోతే ఆ తేడా కంటికి కనపడటం మానేస్తుంది. అప్పుడు సులుర్ ప్రదర్శనశాలలో గోడకు తగిలించే అలంకారం అవుతుంది. చీకట్లో తోడు నడిచే వస్తువు కాకుండా పోతుంది.

మన బడిలో ఒక పూట

సరిహద్దు బడుల మాస్టార్లకు, టీచరమ్మలకు మా మనవి ఒకటే. ఒక శనివారం మధ్యాహ్నం ఈ వేణువుకు ఇవ్వండి. ఊళ్లోని మేదరినో, వెదురు పని తెలిసిన మాడియా పెద్దనో బడికి పిలవండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆ పూటకు ఆయనే గురువు. పిల్లలు వెదురు ముక్కలను వేర్వేరు పొడవుల్లో కోయించుకుని, అంచు మీద ఊది స్వరం తేడా వినాలి. పొడవు కొలిచి, పైన చెప్పిన లెక్క వేసి చూడాలి. తిప్పి చూడాలనుకుంటే మైదానంలోకి వెళ్లి, పక్కవాళ్లకు తగలనంత ఎడంగా నిలబడాలి.

తర్వాత నల్లబల్ల మీద మూడు గళ్లు గీయండి. తెలుగు, మరాఠీ, గోండి. వెదురు, కణుపు, కత్తి, బుట్ట, చాట, వేణువు, గాలి, నది, పులి, చీకటి. ఒక్కో మాటకు మూడు గళ్లూ నింపాలి. మరాఠీ గడి పంతులు నింపగలరు. తెలుగు గడి మన పిల్లలు నింపుతారు. గోండి గడి నింపేటప్పుడు తరగతిలో ఎప్పుడూ చివరి బెంచీలో కూర్చునే మాడియా పిల్లవాడు లేచి నిలబడాల్సి వస్తుంది. ఆ రోజు తరగతి మొత్తం వాడి దగ్గర నేర్చుకుంటుంది.

ఇంటికెళ్లి తాతనో, అమ్మమ్మనో అడగమని ఒక ప్రశ్న ఇవ్వండి: మీ చిన్నప్పుడు రాత్రి అడవి దారిన వెళ్తే ఏం చప్పుడు చేసుకుంటూ వెళ్లేవారు? ఒకరు కర్రతో నేల కొట్టేవాళ్లమంటారు, ఒకరు పాట పాడేవాళ్లమంటారు, ఒకరు ఈల వేసేవాళ్లమంటారు. ఆ జవాబులను పిల్లలు తమ భాషలో రాయాలి. తప్పులున్నా సరే. అవి మా పేజీకి పంపండి. తెలుగులో రాసినా, గోండి మాటలను తెలుగు లిపిలో రాసినా తీసుకుంటాం.

పండీరామ్ మండావి ఇప్పటికీ గఢ్‌బెంగాల్ మనిషే. పన్నెండేళ్ల వయసులో తన పెద్దల దగ్గర ఆయన ఏం నేర్చుకున్నారో అది ఐదు దశాబ్దాల తర్వాత దేశమంతా వింది. మన తరగతిలో ఈ ఏడాది పన్నెండేళ్లు నిండే పిల్లలు ఎందరో లెక్కపెట్టండి. వాళ్ల ఇళ్లల్లో ఏ పని తెలిసిన పెద్దలు ఉన్నారో కనుక్కోండి. మొదటి పాఠం అక్కడినుంచే.